ఏకరీతిగా ఉండవలెను

జూన్ 4

ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం కోపం కాదని మొట్టమొదటే నమోదు చేయడమైనది. ఇకపై ఇందులో ‘కోపం’ అనే మాట వాడరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. హాజరైన సభ్యులు: నేను.

నేటి విషయం: నేను తయారుచేసిన దీపం కంపెనీ పరీక్షలో తప్పింది.

పరీక్ష విధానం నాకు తెలిసిందే. కానీ కొన్నాళ్లు పోతే ఇలాంటిది నిజంగా ఉండేదంటే నాకే నమ్మకం కలగకపోవచ్చు కనుక రాసి ఉంచుతున్నాను. మా పరీక్షల గది నేల మీద పసుపు రంగుతో గీసిన ఒక వృత్తం ఉంది. దానికి సరిగ్గా పైన దీపాన్ని వేలాడదీస్తారు. వృత్తంలో వెలుతురు కొలిచే మీటరు పెడతారు. సూది ఎర్ర గీత దాటితే దీపం మంచిది. దాటకపోతే దీపమూ మంచిది కాదు, చేసినవారూ మంచివారు కారు. వృత్తానికి మూరెడు అవతల ఏం జరుగుతోందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు. దాన్ని ఎవరు గీశారో, అక్కడే ఎందుకు గీశారో ఎవరికీ తెలియదు. మా కంపెనీలో అందరికంటే అదే సీనియరు.

ఎల్‌ఈడీకి మర్యాద తెలియదు. ఎదురుగా ఏది ఉంటే దాని మీద ఉన్నదంతా కుమ్మరిస్తుంది. దీపం కింద కళ్లు చెదిరే కాంతి, రెండు దీపాల నడుమ కటిక చీకటి. దాని ముందు నేనొక పలుచని పలక పెట్టాను. పలక నిండా ఆవగింజల్లాంటి లెన్సులు. ఒక్కొక్కటీ తన వంతుకు వచ్చిన వెలుతురును అందుకుని, చెప్పిన వైపుకు వంచి పంపుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈ లెన్సులు మనవాళ్లు. నేలంతా సమానంగా వెలుగుతుంది. అలా పంచినందువల్ల దీపానికి సరిగ్గా కింద కాస్త తగ్గుతుంది. తగ్గినందువల్ల సూది ఎర్ర గీత దాటలేదు.

“చూడమ్మా,” అన్నారు డైరెక్టరు గారు, మీటరు వంక జాలిగా చూస్తూ. “దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. సామెతకు నమూనా కావాలంటే ఇన్నాళ్లూ దొరికేది కాదు. మీ పుణ్యమా అని ఇప్పుడు దొరికింది.”

గదిలో ఉన్నవారంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినట్లు నమోదు చేయడమైనది.

జూన్ 5

పొద్దున లేవగానే మళ్లీ కోపం

(పై మాట కొట్టివేయడమైనది.)

జూన్ 7

మా అత్తగారి విషయం ఇందులో రాయవలసిన అవసరం లేదు. దీపానికీ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం లేదన్న విషయాన్ని వివరంగా రాస్తున్నాను.

ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయ్యారు. ఆ తర్వాత రైలు పట్టాలకు అవతల ఉన్న చదరంగం క్లబ్బుకు రోజూ సాయంత్రం వెళ్లి, అక్కడి పెద్దమనుషుల పరువు తీయడం పనిగా పెట్టుకున్నారు. మా ఇంటి నుంచి క్లబ్బుకు దారి పట్టాల కింది సొరంగం ఒక్కటే. అందులో ఉన్నవి మా కంపెనీ దీపాలే, పసుపు వృత్తంలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణమైనవి. పోయిన చలికాలంలో, అవతలి సగంలో, ఒక దీపపు కాంతిలోంచి చీకట్లోకి అడుగు పెట్టి, లేని మెట్టు ఉందనుకుని ఆవిడ పడ్డారు. మణికట్టు విరిగింది. మణికట్టు అతుక్కుంది గాని క్లబ్బు అతుక్కోలేదు.

“వెళ్లడం లేదేం అత్తయ్యా?” అని ఒకసారి అడిగాను.

“గెలిచి గెలిచి విసుగొచ్చిందే అమ్మాయ్. ఓడిపోయేవాళ్ల మొహాలు ఎన్నాళ్లని చూడను? రోజూ అవే మొహాలు.”

తర్వాత ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. మా ఆయన అసలే తేరు. వాదన మొదలైతే ఆయనకు తలనొప్పి మొదలవుతుంది. మొదలవుతుందేమో అన్నా మొదలవుతుంది.

పోయిన నెల, పురపాలక సంఘం అనుమతితో, సొరంగంలో మా వైపు సగం దీపాలకు నా పలకలు ప్రయోగాత్మకంగా బిగించాం. ప్రయోగానికి ఆ సొరంగమే ఎందుకమ్మా అని డైరెక్టరు గారు అడిగారు. అక్కడ పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది కాబట్టి, అన్నాను. జవాబు సాంకేతికంగా సరైనది.

ఆ మరుసటి వారం నుంచి అత్తగారు సాయంత్రం నడకకు వెళ్తున్నారు. చాలా త్వరగా తిరిగి వస్తున్నారు.

జూన్ 10

డైరెక్టరు గారితో చర్చ. చర్చ అనగా ఆయన మాట్లాడటం.

నేను కాగితం మీద రెండు దీపాలు, వాటి మధ్య నేల, నేల మీద ఒక మనిషిని గీసి చూపించాను. మనిషికి జడ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు.

ఆయన చాలాసేపు బొమ్మ చూశారు. ఆయన బొత్తిగా తెలివిలేని మనిషి కాదు. కాకపోవడమే అసలు చిక్కు.

“అర్థమైందమ్మా. మీరు చెప్పేది తప్పని నేననను. కానీ ఇది ఒప్పని నేనంటే, ఇన్నేళ్లూ మనం అమ్మినవాటిని ఏమనాలి?”

“దీపాలే అనవచ్చండీ. కాకపోతే అక్కడక్కడా.”

ఆయనకు నవ్వు రాలేదు. “ఆ ప్లాస్టిక్ ముక్క సంగతి ఇక వదిలేయండి” అన్నారు.

ఆయన నా పలకను ఎన్నడూ పలక అనలేదు. లెన్సు అనలేదు. కాగితాల్లో దాని పేరే రానివ్వరు. పేరు పెడితే ఉన్నట్టు ఒప్పుకోవలసి వస్తుందని కాబోలు.

కిందికి దిగి అచ్చుయంత్రం దగ్గరికి వెళ్లాను. దాన్ని నడిపే మేస్త్రిని అందరూ ‘చల్లారనీ’ అంటారు. యంత్రంలోంచి వచ్చిన పలకను ఎవరు తొందరపడి ముట్టుకోబోయినా “చల్లారనీ, చల్లారనీ” అని అరుస్తాడు. వేడి మీద తీస్తే లెన్సులు వంకరపోతాయి. అలవాటు ముదిరి ఇప్పుడు టీ గ్లాసుకూ, మనుషులకూ కూడా అదే చెబుతున్నాడు.

“ఏమన్నారు మేడం?”

“వదిలేయమన్నారు.”

“మరి నేను సొరంగంలో అవతలి సగానికి కూడా పలకలు పోసి పెట్టేశానే! యంత్రం వేడెక్కాక సగంలో ఆపితే మహాపాపం మేడం. ఏం చేయమంటారు వాటిని?”

“ఉంచు.”

“మీ మొహం చూస్తే బాలేదు. కాస్త చల్లారనివ్వండి.”

జూన్ 12

వర్షం. ఈ దినం మా కంపెనీ చరిత్రలో చిరస్మరణీయం కావలసింది. కాలేదు.

మరొక దీపానికి, అనగా పలక లేని మామూలు దీపానికి, పరీక్ష జరుగుతుండగా పైకప్పు కారడం మొదలైంది. మొదటి చుక్క మీటరు మీద పడింది. రెండోది దాని పక్కన. మూడోది, నాలుగోది, ఇక లెక్క అనవసరం, అన్నీ పసుపు వృత్తంలోనే. డైరెక్టరు గారు బకెట్టు తెమ్మన్నారు. చల్లారనీ పరుగెత్తి మెట్ల కింద ఉన్న పాత ఇనప బకెట్టు తెచ్చి చుక్కల కింద పెట్టాడు.

బకెట్టు వృత్తంలో సరిగ్గా పట్టింది. కత్తిరించి అతికించినట్లు పట్టింది.

చల్లారనీ బకెట్టు ఎత్తి, అడుగు తిప్పి చూశాడు. అడుగు అంచు చుట్టూ ఎండిన పసుపు రంగు.

“అరె! దీన్ని ఇక్కడ పెట్టి చుట్టూ గీసినట్టున్నారే! కారినప్పుడల్లా చోటు వెతుక్కోకుండా...” అని, అందరి మొహాలూ చూసి, బకెట్టు మళ్లీ యథాస్థానంలో పెట్టాడు.

ఇన్నేళ్ల పాటు మా కంపెనీ దీపాల నాణ్యతను నిర్ణయించినది ఒక చిల్లు. పరీక్ష పెట్టగా, బకెట్టు మాత్రమే ప్రమాణానికి పూర్తిగా సరిపోయినట్లు కనుగొనడమైనది.

డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. చివరికి గొంతు సవరించుకుని అన్నారు:

“నదీమూలం, ఋషిమూలం, ప్రమాణమూలం అడగకూడదు. బకెట్టు పక్కకు జరిపి మీటరు పెట్టండి. ఎవరైనా దీపం పైన గొడుగు పట్టుకోండి.”

గొడుగు నేనే పట్టుకున్నాను. దీపం ఉత్తీర్ణమైంది.

జూన్ 13

గొడుగు ఎందుకు పట్టుకున్నాను?

జూన్ 14

ఆఫీసు నుంచి వస్తూ సొరంగంలోకి దిగాను. ప్రయోగం ఎలా ఉందో పరిశీలించడం నా విధి. అత్తగారి వెనకాల వెళ్లలేదు. ఆవిడ నాకు కొంత ముందు నడుస్తున్నారు, అంతే.

మా వైపు సగంలో ఆవిడ టీచరుగా బడి వరండాలో నడిచినట్లు నడిచారు. చేతిసంచీ ఊపుకుంటూ, ఎదురొచ్చేవాళ్ల మొహాల్లోకి చూస్తూ, ఎవరిదో చంటిబిడ్డను పలకరిస్తూ. నా పలకలు అయిపోయి పాత దీపాలు మొదలయ్యే చోట ఆగారు. అక్కడ నేల మీద వెలుతురు ఒక ముద్దగా పడి, దాని అవతల ఏమీ కనిపించదు. జనం అక్కడికి రాగానే మాటలు ఆపి అడుగులు వేగం చేస్తారు.

ఆవిడ సంచీని రెండు చేతులతోనూ గుండెలకు ఆనించుకుని నిలబడ్డారు. ఒక పాదం ముందుకు పెట్టి, నేలను తడిమి, వెనక్కు తీసుకున్నారు. మళ్లీ పెట్టారు. మళ్లీ తీసుకున్నారు.

వెనక్కు తిరిగారు. నేను గోడ మీది ప్రకటన చదవడం మొదలుపెట్టాను. అది గోడ మీద ప్రకటనలు అంటించరాదనే ప్రకటన.

ఇంట్లో మా ఆయన అడిగారు. “నడక ఎలా ఉందమ్మా?”

“బ్రహ్మాండంగా ఉందిరా. అవతలి దాకా వెళ్లొచ్చాను.”

నేను పప్పు మాడ్చాను.

జూన్ 16

ఉత్తర్వు వచ్చింది. పూర్తి పాఠం:

“రైలు పట్టాల క్రింది సొరంగ మార్గమునందు ఒక సగము ఒక తీరుగను, మరొక సగము వేరొక తీరుగను ఉండుట కంపెనీ ప్రతిష్ఠకు భంగకరము. కావున సదరు మార్గమందలి దీపములన్నియు రెండు భాగములలోను ఏకరీతిగా ఉండునట్లు తక్షణమే చర్య తీసుకొనవలెను.”

ఆయన ఉద్దేశం తెలుస్తూనే ఉంది. పలకలు పీకేయమని. కానీ ఆ ప్లాస్టిక్ ముక్క పేరు ఉత్తర్వులో రాయడానికి ఆయన పెన్ను ఒప్పుకోలేదు.

దీన్ని పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి, వంటింట్లో నిలబడి ఒకసారి చదివాను. ‘ఏకరీతిగా’. అది నా వృత్తిలో పారిభాషిక పదం. నేల మీద వెలుతురు అన్నిచోట్లా సమానంగా పడటాన్ని అంటారు. అది సాధించడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే.

స్పష్టత కోసం డైరెక్టరు గారిని అడగవచ్చు. అయితే, ఉత్తర్వు ఇంత స్పష్టంగా ఉండగా వివరణ కోరడం పై అధికారి భాషాజ్ఞానాన్ని శంకించడమే అవుతుంది. అంతటి అవిధేయత నా వల్ల కాదు.

జూన్ 17

చల్లారనీకి ఉత్తర్వు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు.

“ఇందులో తీయమని ఎక్కడుంది మేడం?”

“లేదు.”

“పెట్టమని?”

“అదీ లేదు.”

“తర్వాత మీ ఉద్యోగానికి ఎసరొస్తే?”

“రానీ.”

అతను బుర్ర గోక్కున్నాడు. “పలకలైతే చల్లారి వారమైంది మేడం. మీరే...”

నిచ్చెన సంగతి నేను చూసుకుంటానన్నాను.

జూన్ 18

సెలవు రోజు. ఉత్తర్వు అమలు.

మధ్యాహ్నం సొరంగంలో నిచ్చెన వేసి అవతలి సగం దీపాలు ఒక్కొక్కటే విప్పడం, పలక పెట్టడం, బిగించడం. చల్లారనీ పైన, నేను కింద మరలూ పలకలూ అందిస్తూ. దారిన పోయేవాళ్లు సలహాలు ఉచితంగా ఇచ్చారు. ఒకాయన నిలబడి మరీ అడిగాడు:

“ఏం పెడుతున్నారమ్మా, జల్లెడా?”

“లెన్సులండీ. వెలుతురును దారి మళ్లిస్తాయి.”

“ఎవరి దారి మళ్లిస్తున్నారు? పన్ను కట్టేది మేం!”

“మీ దారికే మళ్లిస్తున్నామండీ.”

కాసేపు ఆలోచించి, “ఊఁ, అయితే కానివ్వండి” అని అనుమతి మంజూరు చేసి వెళ్లిపోయాడు.

నిచ్చెన ఒక కాలు పొట్టి. ఊగుతోంది. నేను రెండు చేతులా పట్టుకుంటే పలకలు అందించేవాళ్లు లేరు. అప్పుడు వెనక నుంచి రెండు చేతులు వచ్చి నిచ్చెన పట్టుకున్నాయి. మా ఆయన.

“నాకు తలనొప్పిగా ఉంది” అన్నారు.

“ఇంటికి వెళ్లండి మరి.”

“వదిలితే అతను పడతాడు.”

చివరి దీపం దాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.

జూన్ 19

“తమరి ఉత్తర్వు ప్రకారం, సదరు మార్గమందు రెండు భాగములలోను ఏకరీతి సాధించడమైనది” అని నివేదిక సమర్పించి సంతకం చేశాను. సంతకం మామూలు కంటే పెద్దగా వచ్చింది.

అత్తగారు నడకకు వెళ్లలేదు. మోకాలు నొప్పి అన్నారు.

జూన్ 20

మోకాలు నొప్పి.

జూన్ 21

మోకాలు. ఈసారి రెండోది.

నేనేమీ ఎదురుచూడటం లేదు. దీపానికీ ఆవిడకూ ఏ సంబంధమూ లేదని ఇంతకుముందే నమోదైంది.

జూన్ 22

డైరెక్టరు గారికి నా నివేదిక అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. అర్థమయ్యాక నన్ను పిలిపించలేదు. పురపాలక ఇంజినీరును పిలిపించారు. నా దీపాల కింద చీకటిని ఆయన కళ్లారా చూసి, ఆయనే పీకేయమనాలని పథకం. నన్ను సాక్షిగా రమ్మన్నారు.

సాయంత్రం అందరం సొరంగంలో కలిశాం. పురపాలక ఇంజినీరు భారీ మనిషి, చెవి దగ్గర ఫోను. “ఆఁ... ఆఁ... పైపు పగిలితే నాకెందుకు చేస్తారయ్యా, పైపుల వాడికి చెయ్యండి” అంటూ మమ్మల్ని దాటుకుని ముందుకు నడిచి వెళ్లిపోయారు. మధ్యలో ఫోను మొహం ముందు పెట్టుకుని ఏదో చదివారు, జేబులోంచి కాగితం తీసి దాని మీద ఏదో రాసుకున్నారు, నడుస్తూనే. అవతలి చివర దాకా వెళ్లి తిరిగి వచ్చారు.

“ఊఁ, పదండి. ఎక్కడండీ మీరన్న చీకటి?”

“ఇప్పుడే చూపిస్తాను” అని డైరెక్టరు గారు మీటరుతో వంగారు. నేల వంక చూశారు. ఇటు జరిగారు. అటు జరిగారు. అలవాటుగా పసుపు వృత్తం కోసం వెతుకుతున్నారని నాకు తెలుసు.

“దీపం కింద పెట్టి చూడాలండీ” అన్నారు చివరికి.

పురపాలక ఇంజినీరు నేల అంతా కలయజూశారు. “ఇక్కడ దీపం కింద అంటే ఎక్కడండీ? నాకంతా ఒక్కలాగే ఉందే.”

డైరెక్టరు గారు తలెత్తి పైన దీపం ఎక్కడుందో చూడవలసి వచ్చింది. నేలను చూసి చెప్పలేకపోయారు. ఆ క్షణంలో ఆయనకంతా అర్థమైందని నా అభిప్రాయం. అభిప్రాయమే, ఆధారం లేదు.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి గొంతు.

“కాస్త జరుగుతారా నాయనా? నడిదారిలో వంగి కూర్చున్నారు. ఏమైనా పారేసుకున్నారా?”

“లేదమ్మా. పరీక్ష చేస్తున్నాం.”

“పరీక్షా? ఎన్ని మార్కులొచ్చాయి?”

“ఇంకా... చూస్తున్నామండీ.”

“చూడండి, చూడండి. తొందరేం లేదు. పక్కవాడి దాంట్లో మాత్రం చూడకండి.”

అత్తగారు మా మధ్యలోంచి వెళ్లారు. నన్ను గుర్తుపట్టనట్లే వెళ్లారు. చేతిసంచీ ఊగుతోంది. పలకల సరిహద్దు ఒకప్పుడు ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. ఆ చోటు చేరారు. ఆగలేదు. పాదంతో నేల తడమలేదు. దాటారు.

ఆ తర్వాత డైరెక్టరు గారికీ పురపాలక ఇంజినీరుకూ మధ్య జరిగిన సంభాషణలో కొంత భాగం నాకు వినిపించలేదు కనుక నమోదు చేయడం లేదు. చివరి మాట మాత్రం వినిపించింది. పురపాలక ఇంజినీరు మళ్లీ ఫోను చెవికి పెట్టుకుంటూ, “దీన్ని ముట్టుకోకండి. బాగుంది. ముట్టుకున్నారంటే నాతో పెట్టుకున్నట్టే” అన్నారు.

జూన్ 23

నన్ను ప్యాకింగు విభాగానికి బదిలీ చేశారు. తక్షణం అమల్లోకి వస్తుంది.

“ఉత్తర్వును మీరు అపార్థం చేసుకున్నారు” అన్నారు డైరెక్టరు గారు, కిటికీ వైపు చూస్తూ.

“అపార్థం కాదండీ. అందులో ఉన్న అర్థమే.”

“అపార్థమైందని రెండు ముక్కలు రాసివ్వండి. మళ్లీ మీ సీట్లో మీరుంటారు. నాకేం మీ మీద పగ లేదమ్మా.”

“నాకూ లేదండీ. రాసివ్వను.”

నేను తలుపు దాకా వెళ్లాక, “ఆవిడ ఎవరమ్మా, నిన్న?” అన్నారు.

“సొరంగంలో నడిచే మనిషండీ.”

ప్యాకింగు విభాగం పని: పలకలు లేని దీపాలను పెట్టెల్లో సర్దడం. విభాగ నిబంధనలు గోడకు అంటించి ఉన్నాయి. నేను నిబంధనలు శ్రద్ధగా చదివే మనిషిని. మూడో నిబంధన: “ప్రతి దీపము ముఖమునకు పలుచని ప్లాస్టిక్ ముక్క ఒకటి రక్షణగా అమర్చి పంపవలెను.”

ఎలాంటి ప్లాస్టిక్ ముక్కో ఇందులో లేదు.

మధ్యాహ్నం కిందికి వెళ్లి ఈ నిబంధనను చల్లారనీకి వినిపించాను. అతను రెండుసార్లు చదివించుకుని, యంత్రం వైపు చూసి, నా వైపు చూసి, “చల్లారనివ్వండి మేడం” అన్నాడు. కాని చెయ్యి మాత్రం యంత్రం మీట మీద ఉంది.

చల్లారనిచ్చే ఉద్దేశం లేదు. నాకు కోపంగా ఉంది. జూన్ 4 నాటి తీర్మానం రద్దు చేయడమైనది. హాజరైన సభ్యులు: నేను.

అత్తగారు చీకటి పడ్డాక, భోజనాల వేళ దాటాక ఇంటికి వచ్చారు. చెప్పులు విడుస్తూ, “వాడి ఏనుగును లాగేశానే అమ్మాయ్, ఏడుపొక్కటే తక్కువ” అన్నారు. కంచం పెట్టాను. ఆలస్యానికి సంజాయిషీ కోరబడలేదు.